రెండో ఎర్ర చెక్క

పోయినవారం మనం వానమ్మను పాత టవరు పైగదిలో, గోడకీ బీరువాకీ మధ్య సందులో భుజం దాకా చెయ్యి దూర్చి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులు అలాగే నిలబెట్టాం. ఇప్పుడా చెయ్యి బయటికి వచ్చింది. చేతిలో అరచెయ్యంత వెడల్పున్న ఒక ఎర్ర చెక్క ఉంది.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. వానమ్మ ఆమె అసలు పేరు కాదు. ఆ చిన్న విమానాశ్రయంలో గాలి ఎటు వీస్తోందో, వాన ఎంత కురిసిందో కొలిచి రాసే ఉద్యోగం ఆమెది. అందుకని సామాన్లు మోసేవాళ్ళు పెట్టిన పేరది. కొత్త భవనం తెరిచే రోజుకి విమానాశ్రయం చరిత్రను పుస్తకంగా వెయ్యాలని మేనేజరుకు బుద్ధి పుట్టింది. కత్తెర కనబడితే రిబ్బనెక్కడని వెతికే మనిషి కావడంతో ఆయన్ని అందరూ రిబ్బన్‌గారంటారు. పుస్తకం మీద పేరు ఆయనది, రాసే పని వానమ్మది. లోకంలో ఎక్కడైనా ఇంతే కదా.

అరవై పేజీలు ఆమె సరదాగానే రాసింది. యుద్ధం రోజుల్లో సైనికుల కోసం ముళ్ళపొదలు కొట్టి చదును చేసిన నేల అది. యుద్ధం అయిపోయాక ఉత్తరాల సంచులు మోసుకొచ్చే చిన్న విమానం వారానికోసారి దిగేది. తర్వాత మనుషులు ఎక్కడం మొదలుపెట్టారు. సిమెంటు గోడౌన్ నుంచి అరువు తెచ్చిన కాటా మీద పెట్టెలతోపాటు మనుషుల్నీ తూచి, బరువైనవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒక కాంట్రాక్టరైతే పెళ్ళాం ముందు కాటా ఎక్కనని మొండికేసి విమానాన్నే వదులుకున్నాడు. ఇవన్నీ రాస్తూ వానమ్మ ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. అరవై ఒకటో పేజీ దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ పేజీలో ప్రమాదం ఉంది. ఇరవై ఆరేళ్ళ కిందట, వానాకాలంలో, మధ్యాహ్నం రెండూ యాభైకి దిగుతున్న విమానం రన్‌వే మీదున్న జీపును గుద్ది కాలవలో పడింది. పది మంది ప్రయాణికులు పోయారు. పదకొండోవాడు జీపు డ్రైవరు. వానమ్మకు అతను నాన్న. అప్పుడామెకు ఆరేళ్ళు. పక్కింటి దర్జీ అత్త దగ్గర ఉరుములకు జడిసి, అమ్మ కావాలని గోల చేయడం తప్ప ఆ రోజు సంగతి ఆమెకింకేమీ గుర్తులేదు.

ఇక్కడ ఎర్ర చెక్క సంగతి చెప్పాలి. విమానం దిగే ముందు ప్రతిసారీ జీపు డ్రైవరు రన్‌వే ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగి, కుక్కలున్నాయేమో, నీళ్ళు నిలిచాయేమో చూసి రావాలి. వెళ్ళేముందు నలభై రెండు మెట్లెక్కి, టవరు గదిలో కొక్కేనికి వేలాడే ఎర్ర చెక్కను తన చేత్తో తీసుకెళ్ళాలి. తిరిగొచ్చాక తన చేత్తోనే తగిలించాలి. కొక్కేనికి చెక్క లేకపోతే రన్‌వే మీద మనిషి ఉన్నట్టు, ఉంటే రన్‌వే ఖాళీ అయినట్టు. ఆ గదిలో ఏ యంత్రం చెప్పినా కొక్కెం మాటే పైమాట.

ప్రమాదం జరిగినప్పుడు చెక్క కొక్కేనికే ఉంది. కాబట్టి డ్రైవరు చెక్క తీసుకోకుండానే రన్‌వే మీదికి పోయాడని విచారణలో తేల్చారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఈ ఊళ్ళో మాత్రం చచ్చిన జీపు డ్రైవరుకు అసలు కళ్ళే లేవన్నారు. గేటు దగ్గర నిలబెట్టిన రాతి మీద పది పేర్లే చెక్కారు. బడిలో వానమ్మ పక్కన కూర్చునే పిల్లను వాళ్ళమ్మ వచ్చి వేరే బెంచీకి మార్చుకుపోయింది. ఇక అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. పెళ్ళికి ముందు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసిన మనిషే, ఆ చావు కబురు విన్నాక, ఇంట్లో ఫోను మోగితే లేచి పక్కగదిలోకి పోతుంది.

విచారణ రిపోర్టు ఎదురుగా పెట్టుకుని, ‘డ్రైవరు అజాగ్రత్త వల్ల’ అన్న వాక్యాన్ని వానమ్మ తన చేత్తోనే రాసింది. రాశాక రెండు రోజులు సరిగ్గా తిండి తినలేకపోయింది. ఆ పేజీలన్నీ రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రెస్సుకు వెళ్ళాలి.

కొక్కేనికి వేలాడిన ఆ చెక్కను విచారణవాళ్ళు అప్పుడే పట్టుకుపోయారు. ఇప్పటికీ పై ఆఫీసు అద్దాల బీరువాలో సీలు వేసి ఉంది. వానమ్మ పోయిన నెలే వెళ్ళి చూసొచ్చింది. మరి బీరువా వెనక దొరికిన ఈ చెక్క ఎక్కణ్ణించి వచ్చినట్టు?

దానికి జవాబు చెప్పగల మనిషి ఒక్కడే ఉన్నాడు. చెక్కను తువ్వాలులో చుట్టి సంచిలో వేసుకుని ఆమె ఆయన ఇంటికే బయలుదేరింది.

పెదనాన్న ఆమెకు రక్తసంబంధం కాదు. నాన్న స్నేహితుడు, ఆ రోజు టవరులో కూర్చున్న ఆఫీసరు. నాన్న పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కయ్యాడు. ఊరంతా మొహం తిప్పుకున్నా ప్రతి ఆదివారం వచ్చి వానమ్మకు లెక్కలు చెప్పేవాడు. ఈ ఉద్యోగానికి అర్జీ రాసి, పోస్టు డబ్బాలో వేసి, లోపల పడిందో లేదోనని డబ్బాను రెండుసార్లు తట్టి చూసిన మనిషి. ఇప్పుడు ఆయాసం మనిషై కింది అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద నాలుగు దిండ్లకు ఆనుకుని ఉంటున్నాడు. ఆకాశంలో చప్పుడైతే మాత్రం మెడ ఇంకా అటే తిరుగుతుంది.

“పొద్దున వానెంత పడిందే?” అన్నాడు ఆమెను చూడగానే. ఎప్పుడొచ్చినా ఆయన మొదటి మాట అదే. ‘నాలుగు మిల్లీమీటర్లు పెదనాన్నా’ అనో, ‘చినుకు లేదు’ అనో చెప్పి ఆమె నవ్వుతుంది. ఈసారి సంచి దించింది. తువ్వాలు విప్పి, చెక్కను దుప్పటి మీద ఆయన చేతికి అందేంత దూరంలో పెట్టింది.

ఆయన దాన్ని చూశాడు కానీ ముట్టుకోలేదు. టీ గ్లాసులతో గుమ్మంలోకొచ్చిన కోడలితో, “అక్కడ పెట్టి తలుపు దగ్గరగా వేసి పోమ్మా” అన్నాడు. ఆ పిల్ల ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు పెట్టి వెళ్ళిపోయింది.

“ఎక్కడ దొరికింది?”

“మీరు పడేసిన చోటే.”

“పాత సామాను బోలెడు పడుంటుంది అక్కడ. ఎవడో ఏదో చెక్కకు...”

“ఎర్ర రంగేశాడా? పైన బెజ్జం పెట్టి తాడు కట్టాడా? జీపు గ్రీజు కూడా పూశాడా?” వానమ్మ గొంతు పెంచలేదు. “రిపోర్టులో ముప్పై నాలుగో పేజీలో మీ మాట ఉంది. ‘చెక్క ఒక్కటే. అది కొక్కేనికి ఉంది’ అన్నారు. కింద సంతకం పెట్టారు. మీ సంతకం నాకు తెలీదా? నా మార్కుల కార్డుల మీద నాన్న చెయ్యాల్సిన చోట మీరే చేసేవాళ్ళు.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట ఎవరో సైకిల్ పంపుతో టైరుకు గాలి కొడుతున్నారు.

“మీ నాన్న మోకాలు నీకు గుర్తుండదులే,” అన్నాడు చివరికి. “ఒక వానలో టవరు మెట్ల మీద జారిపడ్డాడు. చిప్ప పగిలింది. అతుక్కుంది కానీ మెట్లెక్కాలంటే చచ్చేవాడు. ఒక్కో విమానానికి రెండుసార్లు ఎక్కాలి, దిగాలి. పైవాళ్ళకి తెలిస్తే జీపు మీంచి తీసేసి ఏ గేటు దగ్గరో కూర్చోబెడతారు. జీపు లేకపోతే వాడు బతకడు. సరే, నేనే ఒక విరిగిన బల్ల కోసి రెండో చెక్క చేశాను. రంగు కూడా నేనే వేశాను.”

“జీపులో పెట్టుకోడానికా?”

“ఊఁ. వాడు మెట్లెక్కక్కర్లా. బయలుదేరేముందు తన చెక్కను, చూసేవాళ్ళకి అనుమానం రాకుండా, జీపు అద్దానికి తగిలించి షెడ్డులోంచి ఫోను చేస్తాడు. నేను పైన కొక్కేనికున్న చెక్క తీసి సొరుగులో పెడతాను. తిరిగొచ్చి మళ్ళీ ఫోను చేస్తే కొక్కేనికి తగిలిస్తాను. పద్నాలుగు నెలలు నడిచిందమ్మా అలా. ఒక్కరోజు కూడా తేడా రాలేదు.”

సాయం చెయ్యబోయి ఇంత పని చేశాడన్నమాట. ఎవడి మీదో కక్షతో చేసుంటే వానమ్మకు ఆయన్ని అసహ్యించుకోవడం తేలికయ్యేది. నాన్న మోకాలి కోసం ఆయన బల్ల కోస్తూ, రంగు పూస్తూ కనబడేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవకూడదనుకుని టీ గ్లాసు తీసుకుని, తాగకుండానే కింద పెట్టేసింది.

“మరి ఆ రోజు?”

“ఆ రోజు వాన. నీ రిజిస్టర్లోనే ఉంటుంది చూడు.”

“పదిహేడు మిల్లీమీటర్లు. రన్‌వే అవతలి చివర కనపడట్లేదని రాసుంది.”

“విమానం పది నిమిషాలు ముందొచ్చింది. నాకు ఫోను రాలేదు. కొక్కెం వైపు చూశాను. చెక్క ఉంది. దిగమన్నాను.” ఆయన ఊపిరి అందక ఆగాడు. “ఇరవై ఆరేళ్ళుగా ఆ కొక్కెం వైపు చూస్తూనే ఉన్నానే.”

“అంటే నాన్న ఫోను చెయ్యలేదా?” అడగడానికే ఆమెకు భయమేసింది. ఇంత దూరం వచ్చి, తప్పు మళ్ళీ నాన్నదే అని తేలితే ఎలా తట్టుకోవడం?

“చేశాడు.”

ఆ ఒక్క మాట లేక ఒక పిల్ల ఇరవై ఆరేళ్ళు తల వంచుకుని నడిచింది. చెప్పడానికి ఆయనకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

“షెడ్డు ఫోను నేరుగా పైకి రాదు,” అన్నాడు పెదనాన్న. “టిక్కెట్ల గది వెనక చిన్న ఎక్స్ఛేంజీ ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్ళు ఎత్తి నాకు చెప్పాలి. రోజూ ఉండే ఆపరేటరు ఆ రోజు సెలవు. బదులుగా ఒక మనిషిని కూర్చోబెట్టాం. రెండో చెక్క సంగతి ఆ పొద్దునే చెప్పాం. వచ్చిన ప్రతి ఫోనూ చీటీ మీద రాయాలి కదా, మీ నాన్న ఫోను కూడా రాసుంది. రెండూ ముప్పై ఎనిమిది. షెడ్డు. మాట మాత్రం నాదాకా రాలేదు.”

“ఆ చీటీ ఏది?”

“చించేశాను.”

“ఇదేమో దాచేశారు.” చెక్క వైపు వేలు చూపించింది. “జీపులో ఉండాల్సింది టవరు పైకి ఎలా వచ్చింది?”

ఆయన ఈ ప్రశ్న కోసమే భయపడుతున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది.

“మెట్లు దిగి పరిగెత్తాను. అందరూ విమానం వైపు పోయారు. నేను జీపు దగ్గరికి పోయాను. చెక్క వాడి చేతిలో ఉంది. విమానం మీదికొస్తుంటే అద్దం మీంచి లాగి బయటికి ఊపినట్టున్నాడు. పట్టు వదల్లేదు. వేళ్ళు విప్పాల్సొచ్చింది.”

“అప్పటికి ప్రాణం ఉందా?”

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు.

“మిమ్మల్నే అడుగుతున్నాను. నాన్నకు అప్పటికి ప్రాణం ఉందా?”

“చూడలేదమ్మా,” అన్నాడు. “ముందు చెక్కే చూశాను.”

చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే ఆ చేతివేళ్ళే ఆమె నెత్తి మీద మెల్లగా మొట్టేవి. ఆ వేళ్ళ వైపు చూడలేక వానమ్మ నేల వైపు చూసింది.

“తిలా పాపం తలా పిడికెడు,” అని గొణిగాడు ఆయన. “పోయినవాడు ఎలాగూ పోయాడు. వాడికి ఇంకేం శిక్ష వేస్తారు? బతికున్నవాళ్ళు గట్టెక్కితే చాలనుకున్నాను. నాకూ పిల్లలున్నారు. ఎక్స్ఛేంజీలో కూర్చున్న మనిషికీ...”

“నాకు మాత్రం నాన్న అక్కర్లేదనుకున్నారా సార్?”

సార్! ముప్పై రెండేళ్ళలో ఆమె ఆయన్ని ఎప్పుడూ అలా పిలవలేదు. చెంప మీద కొట్టినా ఆయన అంతలా ముడుచుకుపోయేవాడు కాదు. వానమ్మ అది చూసింది. చూసి కూడా జాలిపడలేదు. సంచిలోంచి తెల్లకాగితాలు, పెన్ను తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

“రాయండి. రెండు చెక్కలున్నాయని, డ్రైవరు ఫోను చేశాడని, చీటీ చించేశారని. కింద సంతకం పెట్టండి. అరవై ఒకటో పేజీలో అదే వేయిస్తాను. రిబ్బన్‌గారు ఒప్పుకోకపోతే ఈ కాగితం పట్టుకుని పైకి పోతాను.”

“రాస్తాను. రాస్తే ఆ ఎక్స్ఛేంజీలో ఎవరున్నారని అడుగుతారు.”

“అడిగితే చెప్పండి.”

“ఆ తర్వాత ఆ మనిషి బతుకు...”

“ఆ మనిషి ఎవరైతే నాకేం?” ఈసారి ఆమె గొంతు లేచింది. తలుపు అవతల కోడలి అడుగుల చప్పుడు ఆగింది. “పదకొండు మందిని చంపి, పైగా మా నాన్న పేరు మీద హాయిగా నిద్రపోయిన మనిషి. బతికే ఉన్నారా?”

“ఉన్నారు. రోజూ ఉండే ఆపరేటరు ఎప్పుడో పోయింది. రెండో చెక్క గురించి తెలిసి బతికున్నది ఇప్పుడు మేమిద్దరమే.”

“అయితే గేటు దగ్గర రాయి పక్కన నిలబెట్టి అడుగుతాను. పది పేర్లూ చదివించి, పదకొండోది ఏదని అడుగుతాను.”

పెదనాన్న పెన్ను మూత తీశాడు. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా,” అన్నాడు. తన గురించే అనుకుంటున్నాడనుకుంది వానమ్మ. పడనీ అనుకుంది.

ఆయన రాశాడు. అక్షరాలు వంకర పోయినా ఏదీ దాచలేదు. ఎక్స్ఛేంజీలో మనిషి పేరు దగ్గర మాత్రం ఒక గీత ఖాళీగా వదిలాడు. కింద ఆమెకు బాగా తెలిసిన సంతకం పెట్టాడు.

“ఆ పేరు నువ్వు అడిగితే రేపు పొద్దున రాస్తాను,” అన్నాడు. “అప్పటికీ అడగాలనిపిస్తేనే. ఇప్పుడు మాత్రం ఇంటికి పో. ప్రెస్సుకు తర్వాత పోదువుగాని.”

ఆమె కాగితాన్నీ, తువ్వాలులో చుట్టిన చెక్కనూ సంచిలో వేసుకుని బయటపడింది.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. అమ్మకు ఎలా చెప్పాలి? మెల్లగా చెప్పాలి, గుండె ఆగిపోతుందేమో. నాన్న ఫోను చేశాడమ్మా, నాన్న తప్పేం లేదమ్మా అనాలి. ఇన్నేళ్ళూ ఆ రాయి కనబడకుండా చుట్టూ తిరిగి వెళ్ళే అమ్మను రేపు తిన్నగా ఆ దారినే నడిపించాలి. వానమ్మకు అంత దుఃఖంలోనూ సంతోషమేసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పనేం లేదు, చాలా సంతోషమేసింది.

ఇంట్లో ఇంకా దీపం వెయ్యలేదు, వెలుతురుంది. అమ్మ కింద కూర్చుని బడి లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేస్తోంది. పక్కన మైదా జిగురు గిన్నె, కత్తెర, కత్తిరించిన గోధుమరంగు కాగితాలు ఉన్నాయి.

“అమ్మా, ఒకటి చూపిస్తాను. భయపడకు. పాత టవరులో బీరువా వెనక దొరికింది.”

అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. పెదనాన్న పేరెత్తలేదు, ఇంకో చెక్క ఉందనలేదు. తువ్వాలు విప్పి పుస్తకాల పక్కన పెట్టింది.

అమ్మ చేతికంటిన జిగురు చీరకొంగుకు తుడుచుకుంది. చెక్కను తీసుకుని వెనక్కి తిప్పింది. గ్రీజు మరక మీద బొటనవేలు ఆనించింది.

“ఇది జీపులోదా, పైదా?” అంది.

రెండు చెక్కలున్నాయని తెలిసి బతికున్నవాళ్ళు ఇద్దరే. ఒకరు నాలుగు దిండ్లకు ఆనుకుని ఆయాసపడుతున్నారు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసిన అమ్మ. ఫోను మోగితే పక్కగదిలోకి పోయే అమ్మ. ఆ రోజు తనను దర్జీ అత్త దగ్గర వదిలి ఎక్కడికి పోయిందో ఎన్నడూ చెప్పని అమ్మ. భుజాన సంచిలో ఖాళీ గీత ఉన్న కాగితం ఉంది.

“ఎక్స్ఛేంజీలో నువ్వా?” అంది వానమ్మ.

“మీ నాన్న ఫోను చేశారు. విన్నాను. చీటీ రాశాను.” అమ్మ గొంతులో ఏ వణుకూ లేదు. ఈ మాటలు ఎన్నిసార్లు తనలో తాను అనుకుని అరగదీసిందో. “పైకి చెప్దామని తీగ అందుకుంటుంటే ఇంకో లైను మోగింది. ముందు అదెత్తాను. ఎత్తి, మాట్లాడుతూ ఉండిపోయాను.”

“ఎవరితో?”

అమ్మ చెక్కను పుస్తకం మీద పెట్టి మొదటిసారి తలెత్తింది.

“అంతా మీ పెదనాన్న చేత రాయించుకునే వచ్చి ఉంటావు. నీ మొహం చూస్తే తెలుస్తోంది. రేపు ప్రెస్సుకు ఇవ్వు, నేను కాదనను. కానీ ఇది విని ఇవ్వు. దర్జీ అత్త ఇంట్లోంచి వచ్చింది ఆ ఫోను. ఉరుములకు భయపడి ఏడుస్తున్నావు. నీతో మాట్లాడుతున్నాను.”